వారం మధ్యలో రాత్రి 9 గంటలకు కాలేజీ బాస్కెట్‌బాల్ మ్యాచ్ ఎందుకు పెడతారు?

ప్రశ్న అడిగినవారు నిరుడు ఆగస్టులో ఎమ్మెస్‌కని నార్త్ కరోలినా వచ్చారు. యూనివర్సిటీ లాటరీలో బాస్కెట్‌బాల్ టికెట్ తగిలింది. తీరా చూస్తే మ్యాచ్ బుధవారం రాత్రి 9 గంటలకు. అయ్యేసరికి పదకొండు దాటుతుంది, మర్నాడు పొద్దున 8:30కి క్లాసు. "ఆడేవాళ్లూ స్టూడెంట్లే, చూసేవాళ్లూ స్టూడెంట్లే. 7 గంటలకు పెడితే ఎవరి సొమ్ము పోయింది?" అని అడిగారు.

చానెల్ సొమ్ము పోతుందండీ. సూటిగా జవాబు అదే. ఒక చానెల్ ఒక సమయంలో ఒక్క మ్యాచే చూపించగలదు. అందుకని సాయంత్రాన్ని రెండేసి గంటల ముక్కలుగా కోసుకుని, ఈస్టర్న్ టైమ్ (అమెరికా తూర్పు తీరపు గడియారం) ప్రకారం 7కి ఒకటి, 9కి ఒకటి, 11కి ఒకటి పెట్టుకుంటుంది. ఏడింటి చోటులో ఆ రోజు ఇంకో మ్యాచ్ ఉంది. మీ యూనివర్సిటీకి తొమ్మిదింటి ముక్క పడింది. ఆ ముక్కలన్నిటికీ కలిపి చానెల్ ఇచ్చే డబ్బు మీదే కాన్ఫరెన్సులు (కలిసి ఒక లీగ్‌గా ఆడే యూనివర్సిటీల కూటములు) నడుస్తున్నాయి కాబట్టి యూనివర్సిటీ కాదనదు. ఇంతటితో ఆపేయొచ్చు కానీ, ఏ ముక్క ఎవరికి పడుతుందన్న దాంట్లో చాలామందికి తెలియని సంగతులున్నాయి.

నేను టీవీ వైపు మనిషిని. మ్యాచ్ జరుగుతున్నంతసేపూ స్కోరర్స్ టేబుల్ పక్కన హెడ్‌సెట్ పెట్టుకుని నిలబడతాను. బయట ట్రక్కులో కూర్చున్న ప్రొడ్యూసర్ మాట రిఫరీలకి, రిఫరీల మాట ట్రక్కుకి చేరవేయడం నా పని. యాడ్స్ అయ్యేదాకా ఆట మళ్లీ మొదలవకుండా చూసేది నేనే కనక నన్ను చూసి పళ్లు నూరే ప్రేక్షకులకు కొదవ లేదు. ఈ పనిలోకి వచ్చింది కూడా మీలాగే ఎమ్మెస్ చదువుతూ, క్యాంపస్ ఉద్యోగంగా కెమెరా కేబుళ్లు మోస్తూనే.

ముందు గడియారం సంగతి చూద్దాం. ఈస్టర్న్‌లో రాత్రి 9 అంటే షికాగోలో, డాలస్‌లో 8. డెన్వర్‌లో 7. లాస్ ఏంజెలెస్‌లో ఇంకా సాయంత్రం 6. దేశ జనాభాలో దాదాపు సగం ఈస్టర్న్‌లోనే ఉంటుంది కాబట్టి చానెళ్లు లెక్కలన్నీ ఆ గడియారం ప్రకారమే వేస్తాయి. కానీ ఆ సగాన్నే చూసుకుని 7కి మొదలుపెడితే పశ్చిమ తీరంలో సాయంత్రం 4 అవుతుంది, జనం ఇంకా ఆఫీసు కుర్చీల్లోనే ఉంటారు. నాలుగు టైమ్‌జోన్ల వాళ్లకీ అటూ ఇటూగా సరిపోయేది తొమ్మిదింటి చోటు ఒక్కటే. న్యూయార్క్ వాడు నిద్రపోయే లోపల సగమైనా చూస్తాడు, కాలిఫోర్నియా వాడు ఇంటికి చేరి రెండో సగమైనా చూస్తాడు.

స్పోర్ట్స్ చానెల్ ఈఎస్‌పీఎన్ ఈ పద్ధతికి 1987లో 'బిగ్ మండే' అని పేరు పెట్టి స్థిరపరిచింది. సోమవారం సాయంత్రం ముందుగా తూర్పు జట్ల బిగ్ ఈస్ట్ మ్యాచ్, దాని వెనక మిడ్‌వెస్ట్ జట్ల బిగ్ టెన్ మ్యాచ్, అర్ధరాత్రికి పశ్చిమాన బిగ్ వెస్ట్ మ్యాచ్. అప్పట్లో బిగ్ వెస్ట్ అంటే జనానికి లాస్ వేగాస్ జట్టు యూఎన్‌ఎల్‌వీయే గుర్తొచ్చేది, 1990లో జాతీయ చాంపియన్ అయింది ఆ జట్టే. పొద్దు వాలే దిక్కుకే మ్యాచ్‌లూ సాగిపోయేవి. ఏ ఊరివాళ్లకి ఆ ఊరి గడియారంలో మరీ అన్యాయం జరిగేది కాదు. ఇప్పటికీ ఆ తర్కం పాటించిన రోజు ఎవరూ గొణగరు. కాన్సస్ జట్టు లారెన్స్‌లో తన అలెన్ ఫీల్డ్‌హౌస్‌లో తొమ్మిదింటి మ్యాచ్ ఆడుతోందంటే అక్కడ 8 గంటలే. స్టూడెంట్లు తినేసి తాపీగా వస్తారు.

గొడవంతా తొమ్మిదింటి చోటు ఈస్టర్న్ జట్టుకే పడినప్పుడు. అది రెండు కారణాలకు పడుతుంది, రెండూ ఒకదానికొకటి పూర్తిగా తిరగబడి ఉంటాయి. మీ మ్యాచ్ చాలా పెద్దదైతే దేశమంతా చూడాలని చానెలే తొమ్మిదింటికి అడుగుతుంది. డ్యూక్, నార్త్ కరోలినా జట్ల పోరు చూడండి. రెండు క్యాంపస్‌ల మధ్య దూరం కారులో పావుగంట, ఇద్దరిదీ ఈస్టర్న్ టైమే, అయినా వారం మధ్యలో పడిందంటే ఏళ్ల తరబడి అది తొమ్మిదింటి మ్యాచే. 2019 ఫిబ్రవరి 20న, బుధవారం, డ్యూక్ స్టార్ జయాన్ విలియమ్సన్ బూటు చిరిగిన మ్యాచ్ కూడా 9 గంటలదే. మొదటి నిమిషం నిండకముందే అతను మోకాలు పట్టుకుని బయటికి వెళ్లిపోయాడు, గ్యాలరీలో ఒబామా చూస్తుండగానే. ఆ రాత్రి అన్నం తినడం ఒక్క నిమిషం ఆలస్యమైనవాడికి అతని ఆట దక్కలేదు.

రెండో కారణం ఇంత గొప్పది కాదు. కాన్ఫరెన్స్‌లో జట్లు పెరిగిపోయాయి. మీ ఏసీసీ (అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్)లోనే ఇప్పుడు 18 ఉన్నాయి. ఒకే రాత్రి నాలుగైదు మ్యాచ్‌లుంటే ఏడింటి చోట్లు ముందే నిండిపోతాయి, మిగిలినవాళ్లు తొమ్మిదికి సర్దుకోవాలి. మీ టికెట్ మీద ప్రత్యర్థి పేరు చూసుకుంటే మీది ఏ రకమో మీకే తెలిసిపోతుంది.

దీని మీద నా కొలబద్ద ఒకటుంది. మ్యాచ్ ఎంత చిన్నదైతే టైము అంత అనుకూలంగా ఉంటుంది. నవంబరు, డిసెంబరు నెలల్లో ఊరూ పేరూ తెలియని చిన్న కాలేజీని పిలిచి ఆడే మ్యాచ్‌లు చూడండి, చక్కగా సాయంత్రం 7కో, 6:30కో మొదలవుతాయి. వాటిని పెద్ద చానెల్ ఏదీ కోరదు, స్ట్రీమింగ్‌లోకి వెళ్తాయి. స్ట్రీమింగ్‌లో ఎన్ని మ్యాచ్‌లైనా పక్కపక్కన నడవొచ్చు కాబట్టి చోటు కోసం కొట్టుకోవడం ఉండదు. టైము పెట్టేది అథ్లెటిక్ డిపార్ట్‌మెంట్, ప్రసారం నడిపేది యూనివర్సిటీ కంట్రోల్ రూమ్, కెమెరాల వెనక నిలబడేది చాలా చోట్ల స్టూడెంట్లే. నేను కేబుళ్లు మోసింది అలాంటి మ్యాచ్‌లకే. పదింటికల్లా సామాన్లు సర్దేసి హాస్టల్‌కి పోయేవాళ్లం. పెద్ద చానెల్ ట్రక్కు వచ్చిన రాత్రి మాత్రం ఒంటిగంట అయ్యేది.

ఇక రెండు గంటల ముక్క. ఇందులో అసలు చిక్కేమిటంటే, ఆట రెండు గంటల్లో పట్టదు. ఆట గడియారం 40 నిమిషాలు. హాఫ్‌టైమ్ 15. ప్రతి సగంలోనూ గడియారం 16, 12, 8, 4 నిమిషాల గీత దాటాక ఆట మొదటిసారి ఆగినప్పుడు టీవీ టైమ్‌అవుట్. మొత్తం ఎనిమిది. రెండో సగంలో ఏ జట్టు మొదట టైమ్‌అవుట్ అడిగినా అదీ టీవీ ఖాతాలోకే. ఒక్కోటి రెండు నిమిషాల పైమాటే. వీటి మీద కోచ్‌లు అడిగే మిగతా టైమ్‌అవుట్లు, ఫౌళ్లు, ఫ్రీత్రోలు, చివరి రెండు నిమిషాల్లో రిఫరీలు మానిటర్ ముందు వంగి చూసే రీప్లేలు. గట్టి పోటీ ఉన్న మ్యాచ్ రెండుంపావు గంటలు పట్టడం మామూలే. ఓవర్‌టైమ్ వస్తే గడియారంలో 5 నిమిషాలే, బయట పావుగంట. అంటే ఏడింటి మ్యాచ్ 9:10కో 9:15కో అవుతుంది, తొమ్మిదింటి మ్యాచ్ చూసేవాళ్లు దాని తోక చూస్తూ కూర్చుంటారు.

ఆ తోక సమయంలో నా దగ్గర ఎలా ఉంటుందో చెప్తాను. జాతీయ గీతం అయిపోయింది. ఆటగాళ్లు వార్మప్ జాకెట్లు విప్పి కుర్చీల మీద పడేశారు. రిఫరీ బంతి చంకలో పెట్టుకుని మధ్య వలయంలో నిలబడ్డాడు. హెడ్‌సెట్‌లో ట్రక్కు నుంచి "ఆపు, అక్కడ ఇంకా 40 సెకన్లున్నాయి" అని వినిపిస్తుంది. అక్కడంటే వేరే రాష్ట్రంలో వేరే మ్యాచ్. నేను రిఫరీకి అరచెయ్యి చూపిస్తాను. ఆ 40 సెకన్లలో రెండు ఫౌళ్లు, నాలుగు ఫ్రీత్రోలు, ఒక టైమ్‌అవుట్ ఉంటాయి. ఆడబోయే పిల్లలు చేతులు నోటి దగ్గర పెట్టుకుని ఊదుకుంటూ, వేడెక్కిన ఒళ్లు చల్లారిపోకుండా అక్కడక్కడే గెంతుతుంటారు. హోమ్ కోచ్ నా వంక చూస్తాడు. నా వంక చూసి లాభం లేదని ఆయనకీ తెలుసు. కొన్ని నిమిషాల వరకూ ఆపుతారు. అంతకు మించితే మ్యాచ్ మొదలుపెట్టేసి, మొదటి భాగాన్ని అదే సంస్థ వాళ్ల ఇంకో చానెల్లో చూపిస్తారు. టీవీ చూసేవాళ్లు రిమోట్ నొక్కుతూ వెతుక్కోవాల్సిందే.

టోర్నమెంట్లలో ఇది మరీ ముదురుతుంది, ఎందుకంటే ఒకే హాల్లో ఒకదాని వెనక ఒకటి ఆడతారు. ముందరి మ్యాచ్ అయ్యాక సుమారు అరగంటకు తర్వాతది మొదలు. టికెట్ మీద అచ్చయిన టైము ఆశ మాత్రమే. అందరూ చెప్పుకునే ఉదాహరణ 2009 బిగ్ ఈస్ట్ క్వార్టర్ ఫైనల్. న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో మార్చి 12, గురువారం, ఆ రోజు ఆఖరి మ్యాచ్. సిరక్యూస్, యూకాన్ (కనెక్టికట్) జట్లు రాత్రి 9:36కి మొదలుపెట్టాయి. ఆరు ఓవర్‌టైమ్‌లు పట్టింది. 127-117తో సిరక్యూస్ గెలిచేసరికి శుక్రవారం తెల్లవారుజాము 1:22. ఎనిమిది మంది ఆటగాళ్లు ఐదేసి ఫౌళ్లయి బయటికి వెళ్లిపోయారు. సిరక్యూస్ కుర్రాడు జానీ ఫ్లిన్ ఒక్కడే 67 నిమిషాలు ఆడాడు. అందరూ ఇంతవరకే చెప్తారు. అదే శుక్రవారం సాయంత్రం సిరక్యూస్ సెమీఫైనల్‌కి మళ్లీ దిగింది, వెస్ట్ వర్జీనియా మీద. అదీ ఓవర్‌టైమే! గెలిచారు కూడా. శనివారం ఫైనల్లో లూయీవిల్ చేతిలో ఓడారంటే కాళ్లలో ఏం మిగిలి ఉంటుంది చెప్పండి.

మీ ప్రశ్నలో "ఆడేవాళ్లూ స్టూడెంట్లే కదా" అన్న మాట నాకు నచ్చింది, ఎందుకంటే దాని మీద కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ నిబంధన ఒకటి ఉంది. సీజన్లో ఆటగాడు వారానికి 20 గంటలకు మించి ఆటకి పెట్టకూడదు. ఎఫ్-1 వీసా మీద చదివే మనకి క్యాంపస్ పనికీ అదే 20, కాకతాళీయమే లెండి. అయితే వాళ్ల లెక్కలో ఒక వెసులుబాటు ఉంది. మ్యాచ్ రోజు మొత్తాన్ని 3 గంటలుగానే రాసుకుంటారు. తొమ్మిదింటి మ్యాచ్‌కి ఆటగాడి రోజు ఎలా ఉంటుందో పక్కనుంచి చూస్తాను కదా: మధ్యాహ్నం షూటింగ్ ప్రాక్టీసు, సాయంత్రం జట్టు భోజనం, మడమలకి టేపు చుట్టించుకోవడం, మ్యాచ్, ఆ తర్వాత విలేకరులు, ఐస్ మూటలు, స్నానం. బయటి ఊళ్లో ఆడితే ఇంకా బస్సు, చార్టర్ ఫ్లైట్, మళ్లీ బస్సు. తెల్లవారుజాము రెండున్నరకో మూడుకో గదికి చేరతాడు. కాగితం మీద మూడు గంటలే. పెద్ద జట్లకి చార్టర్ ఫ్లైటైనా ఉంది. డబ్బు లేని చిన్న కాలేజీ ఆ రాత్రి అక్కడే హోటల్లో పడుకుని, మర్నాడు మామూలు విమానమెక్కి, ఇంకో రోజు క్లాసులు పోగొట్టుకుంటుంది.

2024 ఆగస్టు నుంచి ఇది ఇంకాస్త చిక్కుపడింది. పశ్చిమ తీరపు యూసీఎల్‌ఏ, యూఎస్‌సీ, ఆరెగన్, వాషింగ్టన్ జట్లు బిగ్ టెన్‌లో చేరాయి. కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్, కాల్ (బర్కిలీ) జట్లు మీ ఏసీసీలోకి వచ్చాయి. పసిఫిక్ తీరంలో ఉండి అట్లాంటిక్ కాన్ఫరెన్స్ ఏమిటని అడక్కండి. బిగ్ టెన్‌లోనే ఉన్న న్యూజెర్సీ జట్టు రట్గర్స్ లాస్ ఏంజెలెస్ వెళ్లి అక్కడి 7:30కి ఆడితే వాళ్ల ఒంటికి అది రాత్రి 10:30. ఈ మార్పులో చానెళ్లకి మాత్రం మేలే జరిగింది. పదిన్నర చోటులోకి పెట్టడానికి ఇంతకుముందు పశ్చిమపు కాన్ఫరెన్స్ వేరే కొనాల్సి వచ్చేది, ఇప్పుడు అదే ఒప్పందంలో అన్ని టైమ్‌జోన్లూ ఉన్నాయి. ఇంతలో అరిజోనా ఒకటి, అక్కడ గడియారం ముందుకీ వెనక్కీ జరపరు. మార్చిలో మిగతా దేశం గంట ముందుకి జరిగాక అరిజోనా టైము కాలిఫోర్నియాతో కలిసిపోతుంది. టైమ్‌టేబుల్ వేసేవాళ్లు దాన్ని ఎర్ర సిరాతో రాసుకుంటారు.

ఇంత చెప్పాక మీకు చానెల్ విలన్‌లా కనిపించి ఉంటుంది. పూర్తిగా అలా కాదు. రాత్రి చోటు అడిగి తీసుకున్నవాళ్లు ఉన్నారు. వాషింగ్టన్ రాష్ట్రంలో స్పోకేన్ అనే మధ్యరకం ఊళ్లో ఉన్న గొంజాగా పేరు దేశమంతా తెలిసిందంటే, ఈస్టర్న్ 11 గంటల చోటులో టీవీలో వాళ్లు తప్ప ఇంకెవరూ ఉండకపోవడం ఒక కారణం. అక్కడ 8 గంటలే కనక ఊరివాళ్లకీ ఇబ్బంది లేదు. నిద్ర పట్టని ఈస్ట్ కోస్ట్ అభిమాని, హైస్కూల్లో ఆడే కుర్రాళ్లు, అందరికీ ఆ గంటలో కనిపించేది ఒక్క మ్యాచే.

ఇంకా దూరం వెళ్లినవాళ్లూ ఉన్నారు. 2008 నుంచి కొన్నేళ్లపాటు ఈఎస్‌పీఎన్ సీజన్ మొదట్లో 24 గంటల మారథాన్ నడిపింది, ఒకదాని వెనక ఒకటి, రాత్రంతా. తెల్లవారుజాము 4కి హవాయి జట్టు హోనొలులు నుంచి ఆడేది, అక్కడ రాత్రి 11. పొద్దున 6 గంటల చోటుకి ఎవరు వస్తారు? 2009 నవంబరులో జెర్సీ సిటీలోని సెయింట్ పీటర్స్ అనే చిన్న కాలేజీ ముందుకొచ్చింది, మాన్‌మత్‌ని పిలిచి పొద్దున ఆరింటికి ఆడింది. మామూలు రోజుల్లో జాతీయ చానెల్లో వాళ్లకి చోటెక్కడిది? అదే సెయింట్ పీటర్స్ 2022 జాతీయ టోర్నమెంట్‌కి పదిహేనో సీడ్‌గా (తన విభాగంలోని 16 ర్యాంకుల్లో కింది నుంచి రెండోది) వచ్చి మేటి జట్టు కెంటకీని ఓడించి, ఎలైట్ ఎయిట్ (చివరి ఎనిమిది జట్లు) దాకా వెళ్లి దేశాన్ని నోరెళ్లబెట్టించింది. ఆ ఆరింటి మ్యాచ్‌కీ ఈ గెలుపుకీ సంబంధం ఉందని నేను అనను. కానీ చిన్న కాలేజీకి అకాల సమయం వరమే అవుతుందని మాత్రం అంటాను.

ఆ మాటకొస్తే ఈ ఆటకి అర్ధరాత్రితో బంధుత్వం టీవీ డబ్బు కంటే పాతది. 1971లో ప్రాక్టీసు మొదలుపెట్టడానికి అనుమతి ఉన్న తేదీ అక్టోబరు 15. మేరీల్యాండ్ కోచ్ లెఫ్టీ డ్రిజెల్ ఆ తేదీ పుట్టిన మూడు నిమిషాలకే, రాత్రి 12:03కి, కుర్రాళ్లని పరుగు పెట్టించాడు. 'మిడ్‌నైట్ మ్యాడ్‌నెస్' అని ఇప్పుడు యూనివర్సిటీలు లైట్లూ పాటలతో చేసే ఆర్భాటానికి మూలం అదే.

జాతీయ చాంపియన్‌ని తేల్చే ఫైనల్ సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే అక్కడ చోట్ల కొరత అన్న సాకు లేదు. ఆ రాత్రి ఉన్నది ఒక్కటే మ్యాచ్. 1972 వరకూ ఫైనల్ శనివారం ఆడేవారు. 1973లో ఎన్‌బీసీ దాన్ని సోమవారం రాత్రి ప్రైమ్‌టైమ్‌లోకి తెచ్చింది. సెయింట్ లూయిస్‌లో ఆ రాత్రి యూసీఎల్‌ఏ బిల్ వాల్టన్ 22 షాట్లు వేసి 21 బుట్టలో పెట్టాడు, 44 పాయింట్లు. సోమవారం అచ్చొచ్చిందని టీవీ వాళ్లకి నమ్మకం కుదిరిపోయింది. 1979లో మ్యాజిక్ జాన్సన్, లారీ బర్డ్ తలపడ్డ సోమవారపు ఫైనల్‌కి వచ్చిన 24.1 రేటింగ్ (టీవీ ఉన్న ఇళ్లలో 24.1 శాతం చూశారని అర్థం) అమెరికాలో ఏ బాస్కెట్‌బాల్ మ్యాచ్‌కీ ఇంతవరకూ మళ్లీ రాలేదు. క్రమంగా ఆ ఫైనల్ తొమ్మిది దాటాక, 9:20 ప్రాంతానికి జరిగింది. 2019లో వర్జీనియా, టెక్సస్ టెక్ ఓవర్‌టైమ్‌కి వెళ్లాయి. కప్పు చేతికొచ్చేసరికి తూర్పున అర్ధరాత్రి కావొచ్చింది, వర్జీనియా పిల్లలందరికీ మర్నాడు బడి.

"అంతసేపు ఆగితేనే ఎక్కువమంది చూస్తారు" అన్నది చానెళ్ల పాత వాదన. దీనికి 2024లో గట్టి దెబ్బ తగిలింది. ఆ ఏడాది ఏప్రిల్ 7, ఆదివారం మధ్యాహ్నం 3 గంటలకు సౌత్ కరోలినా, అయోవా జట్ల మహిళల ఫైనల్ ఏబీసీలో వచ్చింది. సగటున 1.8 కోట్ల మందికి పైగా చూశారు. మర్నాడు రాత్రి 9:20కి పురుషుల ఫైనల్, యూకాన్ పర్డ్యూ మీద గెలిచింది. చూసినవాళ్లు సుమారు 1.48 కోట్లు. పురుషుల ఫైనల్ కంటే మహిళల ఫైనల్‌ని ఎక్కువమంది చూడడం అదే మొదటిసారి. ఇందులో అయోవా స్టార్ కెయిట్లిన్ క్లార్క్ ఆకర్షణ ఉంది. పురుషుల ఫైనల్ ఆ ఏడు కేబుల్ చానెళ్లలోనే వచ్చిందన్నదీ ఉంది. కాబట్టి తేడా అంతా గడియారం వల్లే అంటే నేను ఒప్పుకోను. అయినా మధ్యాహ్నం పెడితే జనం రారన్న మాట ఇక చెల్లదు. 2025లో ఫ్లోరిడా, హ్యూస్టన్ ఫైనల్ 8:50కి మొదలైంది. అరగంటే ముందుకి, కానీ నాలాంటివాళ్లకి అది పెద్ద మార్పే.

మరి మొత్తంగా మారుతుందా? పెద్దగా మారదని నా అంచనా. డబ్బు లెక్క చూడండి. ఈ ఫైనల్‌తో ముగిసే మార్చి టోర్నమెంట్ కోసం టీవీ సంస్థలు సీబీఎస్, టర్నర్ కలిసి 2010లో 14 ఏళ్లకి 1,080 కోట్ల డాలర్లకు ఒప్పందం చేసుకున్నాయి. 2016లో ఇంకో 880 కోట్లు కలిపి 2032 దాకా పొడిగించుకున్నాయి. బిగ్ టెన్ కాన్ఫరెన్స్ ఒక్కటే 2023 నుంచి ఏడేళ్లకి 700 కోట్ల డాలర్లకు పైగా తీసుకుంటోంది, ఫుట్‌బాల్‌తో కలిపి. ఇంత తీసుకున్నాక గంట ముందు పెట్టమని అడిగే నోరు ఎవరికి ఉంటుంది? చోట్లు కొనేది సీజన్ మొదలవడానికి ఎన్నో నెలల ముందు. యూనివర్సిటీ చెప్పగలిగేవి చిన్న చిన్న అభ్యంతరాలు: ఆ రోజు హాల్లో కచేరీ ఉంది, ముందు రాత్రే బయటి ఊళ్లో ఆడి వస్తున్నాం, పరీక్షల వారం. వీటిని వింటారు. "మా స్టూడెంట్లకి పొద్దున్నే క్లాసు" అన్నదాన్ని వినరు.

నిజానికి స్టూడెంట్ల కంటే ఎక్కువ నష్టపోయేది ఊళ్లోని కుటుంబాలు. మీ దగ్గర కేరీ, మోరిస్‌విల్ వైపు మన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి, పిల్లలకి ఈ ఆటంటే పిచ్చి. తొమ్మిదింటి మ్యాచ్‌కి తీసుకొస్తారు, హాఫ్‌టైమ్‌కి చంటిది భుజం మీద నిద్రపోతుంది, లేచి వెళ్లిపోతారు. అర్ధరాత్రి ముహూర్తం పెట్టిన పెళ్లిలో భోజనం చేసేసి, జీలకర్ర బెల్లం దాకా ఆగకుండా బస్సెక్కే చుట్టాల్లాగే. రెండో సగంలో కెమెరాకి ఖాళీ సీట్లు కనబడకూడదని ట్రక్కులోంచి యాంగిల్ మార్చమంటారు. డబ్బు పెట్టి కొన్న సీట్లు ఖాళీ అయిపోతే యూనివర్సిటీకి తిండి స్టాళ్ల మీదా పార్కింగ్ మీదా వచ్చేది తగ్గుతుంది. ఆ లెక్క పక్కన పెట్టి చూసినా టీవీ డబ్బే బరువు తూగుతుంది.

విచిత్రంగా ఈ సమయాలు బాగా కుదిరేది ఇండియాలో ఉన్నవాళ్లకి. మీ బుధవారం రాత్రి తొమ్మిదింటి మ్యాచ్ హైదరాబాద్‌లో గురువారం పొద్దున 7:30. మార్చి రెండో ఆదివారం ఇక్కడ గడియారం మార్చాక 6:30. ఫైనల్ మంగళవారం కాఫీ వేళకి మొదలై ఆఫీసు బస్సు వేళకి ముగుస్తుంది. మీ ఇంట్లో ఎవరికైనా ఆసక్తి ఉంటే వాళ్లు మీకంటే హాయిగా చూస్తారు.

ఇక మీ బుధవారం. వెళ్లండి, కానీ ఇవి చూసుకుని వెళ్లండి.

టికెట్ మీది 9 గంటలు టీవీ టైము. బంతి లేచేది దానికి ఐదారు నిమిషాల తర్వాత. అదే చానెల్లో ఏడింటికి ఏ మ్యాచ్ ఉందో చూసి పెట్టుకోండి. 8:45కి ఫోన్లో దాని స్కోరు చూడండి. తేడా నాలుగైదు పాయింట్లే ఉంటే మీ మ్యాచ్ ఆలస్యమవుతుందని అనుకోవచ్చు. పెద్ద ప్రత్యర్థయితే స్టూడెంట్ సీట్లు ముందొచ్చిన వాళ్లకే, కాబట్టి భోజనం ఆరింటికే కానిచ్చేయండి. హాల్లో అమ్మే తిండి ధరలు స్టూడెంట్ జేబుకి తగినవి కావు.

ఆఖరి క్యాంపస్ బస్సు ఎన్నింటికో ముందే చూసుకోండి. కొన్ని యూనివర్సిటీలు మ్యాచ్ రాత్రి బస్సులు పొడిగిస్తాయి, కొన్ని పొడిగించవు. కారున్న స్నేహితుడితో వెళ్తే పార్కింగ్ లాట్‌లోంచి బయటపడడానికే అరగంట తీసి పెట్టుకోండి. రెండో సగంలో గడియారం 4 నిమిషాల గీత దాటాక వచ్చే టీవీ టైమ్‌అవుట్‌కి తేడా 15 పాయింట్లకు పైగా ఉంటే నిస్సంకోచంగా లేవండి, జనం తలుపుల దగ్గర చేరకముందే బయటపడతారు. తేడా ఆరు లోపలుంటే మాత్రం కదలొద్దు. గడియారంలో ఆ నాలుగు నిమిషాలు బయట ఇరవై నిమిషాలైనా పడతాయి, టికెట్ దండగ కాకుండా చేసేవి అవే.

వచ్చే ఏడాది లాటరీలో తేదీ ఎంచుకునే వీలుంటే శనివారం మధ్యాహ్నపు మ్యాచ్‌కి పెట్టండి. పెద్ద మ్యాచే కావాలి, టైమూ బాగుండాలి అంటే ఉన్న దారి అదొక్కటే.